వదులు చేయని తాడు

శంషాబాద్‌లో విమానం దిగిన దశరథ మధ్యాహ్నానికి కొత్తకోట చేరాడు. తాళం తీసి లోపల కాలు పెట్టగానే అతని చూపు మగ్గం మీదికే పోయింది. చేతిలో సంచి గడప మీదే జారింది.

పడుగు బిగించింది బిగించినట్టే ఉంది, ఏడు రోజులుగా.

రెండు మూడు రోజులు ఊరికి పోతే పడుగును లాగి పట్టే తాడు వదులు చేయాలి. లేకపోతే పోగులు సాగి, మళ్లీ మొదలుపెట్టిన చోట బట్టకు అడ్డంగా గీత పడుతుంది. నేసేటప్పుడు తాడు జరుపుకోవడం దశరథకు రోజూ ఉండే పనే. ప్రయాణానికి ముందు వదులు చేయడం మాత్రం ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారీ చేయలేదు. అతను మగ్గం గుంతలోంచి లేచి, చేతులు కడుక్కొని అంగీ తొడుక్కునేలోగా భార్య సుభద్రమ్మ తాడు కట్టిన గుంజ దగ్గరికి పోయి ఆ పని చేసి వచ్చేది. అదొక పని అని కూడా అతనికి తోచేది కాదు.

శ్రీలంక పోదామన్నది ఆమే. మహబూబ్‌నగర్‌లో పంతులుగా ఉన్న తన తమ్ముడు దివాకర్ కుటుంబంతో కలిసి పోవాలని, పట్టుబట్టి ఇద్దరికీ పాస్‌పోర్టులు తీయించింది. సముద్రం చూడాలి, ఏట్లో ఏనుగులు స్నానం చేస్తాయట, అవి చూడాలి అనేది. జ్వరం వచ్చింది. పదకొండు రోజులు దవాఖానలో ఉంది. తిరిగి రాలేదు.

నెల దాటాక దివాకర్ వచ్చి కూర్చున్నాడు. "అక్క టికెట్ రద్దు చేసిన బావా. నీది చేయను" అన్నాడు.

దశరథ పోయాడు. సముద్రం చూశాడు, ఏనుగులను చూశాడు. కొలంబోలో ఒక దుకాణంలో నేత బట్ట తిరగేసి అంచు తడుముతుంటే, ఇంత దూరం తీసుకొచ్చినా మామ మగ్గం దిగలేదని దివాకర్ కూతురు సుచరిత నవ్వింది.

మగ్గం మీద ఉన్నది ఆమె పెళ్లిచీరే. గోరింట పండిన రంగుకు ఆకుపచ్చ అంచు, మేనత్త ఎంచినది. మంచం పట్టకముందే సుభద్రమ్మ చీరకు సరిపడా పేక నూలంతా కండెలు చుట్టి బుట్టలో పెట్టింది. ఆమె లెక్క ఎన్నడూ తప్పేది కాదు. ఒక్క కండె మిగిలేదీ కాదు, తగ్గేదీ కాదు.

పక్కింటి రామమ్మ నీళ్ల బిందె దించి, విమానం ముచ్చట్లు అడగబోయి, మగ్గాన్ని చూసి ఆగిపోయింది. ఆమెదీ నేతపనే, జరిగింది ఆమెకు చెప్పనక్కర్లేదు. రెండు వేళ్ల వెడల్పు విప్పి మళ్లీ నేస్తే గీత పడదని, విప్పిన నూలు పనికిరాదు గనుక రెండు కండెలు తాను చుట్టిస్తానని అంది. ఆపైన గొంతు తగ్గించి అడిగింది.

"నీ మగ్గం మీదికెల్లి గీత పడ్డ చీర ఎన్నడన్న దిగిందా, దశరథన్నా?"

దిగలేదు. వాడలో అతని పేరు ఆ మాట మీదే నిలిచింది. విప్పడానికి సూది తీసుకొని గుంతలో దిగాడు. ఆ రెండు వేళ్ల మేరా సుభద్రమ్మ చుట్టిన నూలే. అది తీసి పారేస్తే చీర చివర వేరే చేతి నూలు పడుతుంది. సూది మొన పోగుకు ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. బిగి తప్పిన పోగులు వేలికి తెలుస్తున్నాయి.

సూది పక్కన పెట్టి సుచరితకు ఫోన్ చేశాడు. జరిగింది దాచకుండా చెప్పాడు. కట్టుకునేది నువ్వు, నీ మాట ప్రకారమే చేస్తానన్నాడు.

"మొత్తం అత్త చుట్టిన నూలేనా మామా?"

"మొత్తం ఆమెదే బిడ్డా."

"అయితే విప్పకు. గా గీత కుచ్చిళ్లల్ల పోతది. పోకపోతే పోకపాయె."

బుట్టలోంచి కండె తీసి, పడుగులో అటూ ఇటూ పోయే నాడెలో పెట్టాడు. వారం రోజుల్లోనే చేతులకు అలవాటు తప్పింది. పేకను బిగించే మొదటి దెబ్బలు ఎక్కువ తక్కువ పడ్డాయి. తర్వాత కుదిరాయి. గీత పడనే పడింది, వెంట్రుక మందాన, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. పొద్దు వాలేదాకా నేశాడు.

మర్నాడు సుభద్రమ్మ మాసికం. ఆమె పుట్టింటివాళ్లు ఆత్మకూర్‌లో పెడుతున్నారు, రాత్రికే అక్కడికి చేరాలి, తిరిగి వచ్చేసరికి మూడు రోజులు పడుతుంది. గుంతలోంచి లేచి చేతులు కడుక్కున్నాడు. అంగీ తొడుక్కొని గడప దాకా పోయి, ఆమె వచ్చేదాకా ఆగే అలవాటు ప్రకారం కొంచెంసేపు నిలబడ్డాడు.

తర్వాత వెనక్కి వచ్చి, గుంజ దగ్గర వంగి, తాడు వదులు చేశాడు.