వదిన సగం చేసిన మొక్క

"మీ వదిన పోయిందిరా." ఫోనులో అన్నయ్య గొంతు. అంతే, పెట్టేశాడు. ఆరేళ్లలో మా అన్నదమ్ముల మధ్య నడిచిన మొదటి మాట అది. రిసీవరు పట్టుకునే కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాను. అక్కడ ఆవిడ బతికించిన మొక్క ఉంది.

ఢిల్లీలో మన తెలుగు సంఘం వారి సంతాప సభలో ఏడుగురు మాట్లాడారు. ఆదర్శ గృహిణి అన్నారు, అన్నపూర్ణ అన్నారు. అందరూ ఆవిడ పులిహోర తిన్నవాళ్లే. ఆవిడ మాట పది నిమిషాలు విన్నవాళ్లు మాత్రం ఒక్కరూ కనబడలేదు. వేదిక మీద ప్లాస్టిక్ పూలు పెట్టారు. ఆవిడే ఉంటే కొంగుతో వాటి దుమ్ము దులిపి వచ్చేది. నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు కనుక రాస్తున్నాను.

ముందు ఆ ఆరేళ్ల సంగతి చెప్పాలి. నా భార్య పోయిన పదోరోజున, వచ్చినవాళ్లందరి ముందు అన్నయ్య అన్నాడు: "వీడు పుస్తకంలోంచి తలెత్తి ఉంటే ఆ పిల్ల జబ్బు ఎప్పుడో కనబడేది." ఆనాటి నుంచి జనక్‌పురిలో వాళ్ల గడప తొక్కలేదు. అది అన్యాయమని వాదిస్తూనే వచ్చాను, ఎక్కువగా నాతో నేనే.

నా భార్య వదిలివెళ్లిన వాటిలో ప్రాణమున్నది ఒక్క పీస్ లిల్లీ. మయూర్ విహార్‌లో మా ఫ్లాటు కింద ఆగిన మొక్కల బండి దగ్గర కొన్నది. దాన్ని లోపలి గది మూల ఆమె ఫోటో కింద పెట్టాను. దరియాగంజ్ పేవ్‌మెంటు మీద దొరికిన లావుపాటి తోటపని పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివాను. పదిహేను రోజులకోసారి ఎరువు, రోజూ చెంబుడు నీళ్లు. ఆకుల కొసలు మాడిపోయాయి. పువ్వన్నది లేదు. ఇప్పుడు దాచడమెందుకు? అది చస్తే అన్నయ్య మాట నిజమైపోతుందని నా భయం.

వదిన ఆదివారాలు వచ్చేది. జనక్‌పురి ఊరికి ఆ చివర, మేము ఈ చివర. రెండు బ్లూలైన్ బస్సులు మారాలి.

"ఇంట్లో చెప్పే వస్తున్నారా వదినా?"

"చెప్పడమేమిటి, బస్సెక్కించిందే మీ అన్నయ్య."

నేను నమ్మలేదు.

మొదటిసారి కుండీ మట్టిలో వేలు పెట్టి చూసి, "ఏమయ్యా మరిదీ, దీన్ని పెంచుతున్నావా, ముంచుతున్నావా?" అంది.

"పుస్తకంలో ఇలాగే ఉంది."

"అది రాసినాయన ఢిల్లీలో మే నెల గడిపాడా?" కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోసింది. "దీన్ని కిటికీ దగ్గర పెట్టు. ఎండ వద్దు, వెలుతురు కావాలి."

"అక్కడే ఉండాలి. ఆమె దగ్గర."

వదిన మొక్కను అక్కడే వదిలి వెళ్లింది. మరుసటి ఆదివారం సంచిలోంచి ఒక మేకు, చిన్న సుత్తి తీసింది. ఉత్తరపు కిటికీ పక్క గోడకి మేకు కొట్టి, ఫోటో తెచ్చి అక్కడ తగిలించింది. తరువాత మొక్కను దాని కిందకి జరిపింది. "ఇద్దరికీ వెలుతురొస్తుంది, పో," అంది.

ఆ తరువాతి మధ్యాహ్నాలు నాకు కలలోవిలా గుర్తున్నాయి. అవతలి కిటికీకి కూలరు. తడిసిన వట్టివేళ్ల వాసన గదంతా. గాలి తిన్నగా తగలకుండా, ఆ చెమ్మ మాత్రం అందేంత దూరంలో మొక్క. పల్చటి తెరలోంచి వచ్చిన వెలుగు ఆకుల మీద పడి, గది చెరువు అడుగులా పచ్చగా ఉండేది. వదిన తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడిచేది, నిద్రపోతున్న పిల్లల ముఖాలు తుడిచినట్టు. కుళాయి నీళ్లు ముందురోజే బకెట్లో పట్టి ఉంచమనేది. క్లోరిన్ మందు వాసన పోయిన నీళ్లే పోయాలి, అదీ పైమట్టి ఆరాకే.

"ఎప్పుడు పోయాలో ఎలా తెలుస్తుంది?"

"ఆకులు కాస్త వాలుస్తుంది. అదే అడగడం. చూసేవాడుండాలి."

నాకు చురుక్కుమంది. "అన్నయ్య మాటే తిప్పి అంటున్నారా?"

"నేను మొక్క సంగతి చెబుతున్నాను. నువ్వెవరి సంగతి వింటున్నావో నాకేం తెలుసు?"

మరుసటి వసంతంలో ఒక కాడ లేచింది. చుట్టుకున్న లేతాకు అనుకున్నాను. మూడో రోజుకి తెల్లగా, బోర్లించబోయి ఆగిన అరచేతిలా విచ్చుకుంది. ఫోను చేస్తే అన్నయ్య ఎత్తుతాడని ఆదివారం దాకా ఆగాను. వదిన వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా చాలాసేపు చూసింది. "బాగుందే మా తోడికోడలు," అంది. పక్క గదిలోకి వెళ్లి కళ్లద్దాలు తుడుచుకున్నాను.

పోయిన ఫిబ్రవరిలో వదిన కుండీ బోర్లించి, వేళ్లు విడదీసి, సగం మొక్క పాత హిందీ పేపర్లో చుట్టుకుంది.

"మీకెందుకు వదినా?"

"చూడ్డానికైనా వస్తావని."

నేను వెళ్లలేదు. మే నెలలో, ఒక ఉదయం వంటింట్లో కూలబడి, ఆవిడ వెళ్లిపోయింది.

పన్నెండో రోజు, జనక్‌పురి ఇంట్లో భోజనాలయ్యాక అన్నయ్య కోడలు హాలు సర్దుతోంది. కిటికీ దగ్గర స్టూలు మీద ఆ సగం మొక్క. ఆకులన్నీ కుండీ అంచు మీంచి కిందకి వేలాడుతున్నాయి. "చచ్చిపోయింది చిన్నమామయ్యగారూ. రేపు చెత్త తీసుకెళ్లే కూడావాలాకి ఇచ్చేస్తాను," అంది. పక్కనే కుర్చీలో అన్నయ్య, మడత విప్పని పేపరు ఒళ్లో పెట్టుకుని.

ఆరేళ్లుగా అతనికి చెప్పాల్సిన జవాబులు నా దగ్గర చాలా ఉన్నాయి. మంచి వాక్యాలు, చెక్కి పెట్టుకున్నవి.

"అన్నయ్యా, నిన్న పట్టిన నీళ్లున్నాయా?" అని అడిగాను.

తనే లేచాడు. మగ్గుతో తెచ్చాడు. కింద పళ్లెంలోకి కారేదాకా మెల్లగా పోశాను. పళ్లెం తీసి పారబోశాను. ఇద్దరం చెరో వైపు కూర్చున్నాం. కూలరు తిరుగుతోంది.

"పక్కనే కూర్చున్నాను. నేనూ చూడలేదురా," అన్నాడు అన్నయ్య.

మొక్క గురించా, ఆవిడ గురించా అన్నది నేను అడగలేదు. సాయంత్రపు వెలుగు స్టూలు మీదకి జరిగింది. కుండీ అంచు మీద పడుకున్న ఒక ఆకు, చూస్తుండగానే, అంచుని వదిలి వేలెడు పైకి లేచింది. అన్నయ్య కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నాడు.