కొత్త కళ్ళజోడులోనూ మసకే

బస్సు కుదిపినప్పుడల్లా ఊదుడు బావ కడుపు మెలిపెడుతోంది. పట్నంలో కొత్త కళ్ళజోడు చేయించుకుని వెనక్కి వెళుతున్నాడు. అయినా ముందు సీటు మనిషి మసకగానే ఉన్నాడు. కిటికీలోంచి చలిగాలి కొడుతున్నా చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. నోట్లో ఊరే నీళ్ళు తుడుచుకుంటుంటే వెనకనుంచి ఎవడో, "గురుడు పట్టపగలే పట్టించేశాడు," అన్నాడు.

పక్కన కూర్చున్న పెద్దావిడ నవ్వలేదు. ఆవిడ నర్సు పని చేసి మానేసిన మనిషి. దారిలో తగిలినవాళ్ళు ఒక్కోసారి అయినవాళ్ళకన్నా సూటిగా అడుగుతారు. తిరిగే కాళ్ళకు దక్కే లాభం అదొక్కటే.

"కళ్ళజోడు తియ్యి నాయనా."

తీశాడు. కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయి. రెప్ప అదురుతోంది.

"ఏం పని నీది?"

"పూల షెడ్డులో పురుగుమందు కొడతానమ్మా. పంపు మూతి పూడుకుంటే నోటితో ఒక్క ఊదు ఊదానంటే అడ్డుపడ్డ నలక ఎగిరిపోవాల్సిందే. అందుకే నన్ను ఊదుడు బావ అంటారు."

"నువ్వు ఊదుతుంటే మందు నీ నోట్లోకే వస్తోంది. ఇది చూపు తగ్గడం కాదు, మందు ఒంటికి పట్టింది. ఈ చొక్కాతోనే కొట్టావా?"

"పొద్దున ఇదే. రోజూ మా ఆవిడే ఉతుకుతుంది." తడిసిన చొక్కాకేసి చూసుకున్నాడు. "దానికీ తలనొప్పి, వాంతులు. పని ఎగ్గొట్టే వేషాలన్నాను."

"ఇద్దరూ ఇప్పుడే, ఈ బస్సులోనే, తరవాతి ఊరి ఆస్పత్రికి రండి. ముందు ఆ చొక్కా విప్పి సబ్బుతో ఒళ్ళు కడుక్కో. మందు డబ్బా మీద పేరు చూసుకుని రా. ఆలస్యమైతే ఊపిరాడదు."

"మేముండే గది షెడ్డు ఓనరుదమ్మా. నేను పడుకుంటే రేపు ఆ గదిలో ఇంకొకడు ఉంటాడు. మా ఆవిడ కూలీ కూడా ఆ షెడ్డు కంచెలోనే. ఎక్కడికి పోతాం?"

"దానికి నా దగ్గర మందు లేదు నాయనా. ముందు బతకండి."

మలుపు తిరగగానే పూల షెడ్ల ప్లాస్టిక్ పైకప్పులు కనిపించాయి. షెడ్లు, గదులు, కుళాయి, అన్నిటికీ ఒకటే కంచె, ఒకటే గేటు. గేటు దగ్గర మేస్త్రీ పంపు నింపి పెట్టుకుని ఇతని కోసమే చూస్తున్నాడు. లోపల కుళాయి దగ్గర ఒక ఆడమనిషి మోచేతుల దాకా నీళ్ళలో ముంచి చొక్కాలు పిండుతోంది. మొహం ఆనకపోయినా ఆ వంగిన నడుమెవరిదో అతనికి తెలుసు.

"డ్రైవరు బాబూ, కాస్త ఆపి ఉంచు. ఇద్దరొస్తారు," అంటోంది పెద్దావిడ.

అతను అప్పటికే దిగిపోయాడు. చొక్కా గుండీలు ఊడదీసుకుంటూ, మేస్త్రీ పిలుస్తున్నా ఆగకుండా, తూలుతూ కుళాయి వైపు నడిచాడు.