గేటు దగ్గర చప్పట్లు

ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజులవి. కూర్మన్నపాలెంలో మా బస్సెక్కిన చేపలామెను, గంప వాసనొస్తోందని కండక్టర్ తర్వాతి స్టాపులోనే దింపేశాడు.

"ఇలాటోడే ఉండాల బావా, లేపోతే బస్సుల్లో కూకోలేం," అన్నాడు నా పక్కాయన. నాకూ అదే అనిపించింది. కిటికీ పక్కన సర్దుకుని కూర్చుని, కింద నిలబడ్డ ఆమె చూస్తుండగానే తలూపాను.

కొంత దూరం పోయాక రైల్వే గేటు పడింది. పోర్టుకు ఖనిజం మోసుకెళ్లే గూడ్సు ఎంతకీ తెగదు. అంతలో ఆమె గంప నెత్తిన పెట్టుకుని, ఎండలో నడుచుకుంటూ వచ్చి మా బస్సును అందుకుంది. బస్సంతా ఈలలు.

"అద్దీ! బస్సునే ఓడించేసినావే!" అని అరిచాడు ఆ పక్కాయనే. నేనైతే కిటికీలోంచి చేతులు బయటపెట్టి మరీ చప్పట్లు కొట్టాను.

ఆమె ఆగి నా వైపే చూసింది.

"నన్ను దించేసినప్పుడు తలూపినావు. ఇప్పుడు సప్పట్లు కొడతన్నావు. ఏటి బావూ, నీకేటి కావాల?"

చేతులు లోపలికి తీసుకున్నాను. గేటు లేచింది. బస్సు ఆమెను దాటి ముందుకు పోయింది. కండక్టర్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమెను ఎక్కించుకోమని నేను అతనితో ఒక్క మాటా అనలేదు.