క్లేర్ వద్దంది, మేము నమ్మాం

మా నాందేడ్ జిల్లాలో ఇంటికొచ్చిన మనిషిని ఆకలితో పంపించడం అంత సులువు కాదు. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడికి కూడా చాయ్ తాగించి, మెట్లు దిగుతుంటే చేతిలో రెండు బిస్కెట్లు పెట్టే ఊళ్ళు ఇవి. అలాంటి చోట ఒక విదేశీ అతిథిని ప్రత్యేకంగా పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, వంటింట్లో ఇన్ని గిన్నెలు ఘుమఘుమలాడుతుండగా పస్తు పెట్టి సాగనంపిన ఘనత నాది. పిసినారితనం వల్ల జరిగిందనుకునేరు. కాదండీ, చదువు వల్ల జరిగింది.

అప్పుడు నేను యూనివర్సిటీలో ఫ్రెంచి చదువుతున్నాను. మా బాపుది నిజామాబాద్ వైపు, రైల్వేలో గూడ్సు గార్డు. అమ్మది దెగ్లూర్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో దక్కనీ హిందీ పెట్టుకుని పెరిగినదాన్ని కాబట్టి నాలుగో భాష నాకొక లెక్కా అనుకుని చేరాను. బాపు మాత్రం ఒకే ప్రశ్న అడిగాడు.

"ఫ్రెంచి నేర్సుకోని ఏం జేస్తవే స్వప్నా? దెగ్లూర్ల ఫ్రెంచోళ్ళున్నరా?"

"నేనే ఫ్రాన్స్ పోత బాపూ."

"పో మరి. మన్మాడ్ దాంక నా పాసు నడుస్తది, తర్వాత నువ్వే సూస్కో."

మాకు పాఠాలు చెప్పే దేశ్‌పాండే మేడం పద్ధతే వేరు. భాష పుస్తకంలో ఉండదు, బతుకులో ఉంటుందనేది ఆవిడ సిద్ధాంతం. అందుకని వాళ్ళు దుకాణంలోకి ఎలా వెళతారు, పొరుగువాళ్ళతో ఏం మాట్లాడతారు, అన్నం దగ్గర ఎలా కూర్చుంటారు, ఇవన్నీ నేర్పేది. మిగతావాళ్ళు నేర్చుకుని ఊరుకున్నారు. నేను ఆచరణలో పెట్టాను. ఫ్రాన్సులో దుకాణంలో అడుగుపెట్టగానే బోంజూర్ చెప్పాలట. కిరాణాకొట్టు సేఠ్‌కి నెల రోజులు బోంజూర్ చెప్పాను. అదేదో కొత్త సబ్బు పేరనుకుని ఆయన పాపం హోల్‌సేల్ బజారంతా వాకబు చేశాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా ఫ్రెంచి నేర్చినవాళ్ళు ఊరినే ఎరగరు.

ఇలా ఉండగా క్లేర్ వచ్చింది. ఫ్రాన్సులో ఒక చిన్న ఊళ్ళో బడిపంతులమ్మ. సన్నగా, పొడుగ్గా, నెరిసిన జుట్టుతో ఎప్పుడూ నవ్వు మొహంతో ఉండేది. మా తరగతి నుంచి ఒక్కరిని తమ బడికి తీసుకెళ్ళి ఏడాదిపాటు ఉంచుకుంటామని, ఆ ఒక్కరు ఎవరో తానే ఎంచుకుంటానని చెప్పింది. మేడం ఇద్దరి పేర్లు ఇచ్చింది. ఒకటి నాది, రెండోది వైభవ్‌ది. అతను ఉమ్రి నుంచి రోజూ ప్యాసింజరు బండిలో వచ్చే మరాఠీ కుర్రాడు. నెమ్మదస్తుడు, ఫ్రెంచి కూడా నెమ్మదే. వాడొక పోటీయా అనుకున్నాను. క్లేర్ పరీక్ష పెట్టలేదు. ఇద్దరి ఇళ్ళలోనూ ఒక పూట భోంచేసి చెబుతానంది.

శనివారం వైభవ్ ఆమెను ఉమ్రి తీసుకెళ్ళాడు. సాయంత్రం బండి దిగేటప్పుడు నేను స్టేషన్‌లోనే ఉన్నాను. ఆమె ఒక చేత్తో పొట్ట, ఇంకో చేత్తో తలుపు కమ్మీ పట్టుకుని దిగింది. వైభవ్ వాళ్ళ నానమ్మ మన బొబ్బట్లలాంటి పూరణ్‌పోళీల మీద పూరణ్‌పోళీలు వేసి, వాటి మీద నెయ్యి ధారగా పోసి, వద్దు వద్దంటున్నా బతిమాలి బతిమాలి తినిపించిందట. మరాఠీవాళ్ళు దాన్ని ఆగ్రహ్ అంటారు. మన తెలుగు కోపం కాదండోయ్, కొసరి కొసరి వడ్డించడం. క్లేర్ అవస్థ చూసి నేను లోలోపల గంతులు వేశాను. ఫ్రాన్స్ మనిషిని అట్లా చేస్తారా ఎవరైనా? వైభవ్ పని అయిపోయింది. రేపు మా ఇంట్లో ఆమె కళ్ళు చెమర్చాలి, అచ్చం తన ఊళ్ళో తిన్నట్టుండాలి అని తీర్మానించుకున్నాను.

ఆ రాత్రే అమ్మనీ బాపునీ ఎదురుగా కూర్చోబెట్టి తరగతి మొదలుపెట్టాను.

"అమ్మా, అన్నీ ఒక్కపారి పెట్టొద్దు. ఒకటి తేవాలె, అడగాలె, అది అయినంక ఇంకోటి. వద్దంటె ఆ గిన్నె లోపటికి తీస్కపోవాలె."

"వద్దంటె తీస్కపోవుడా? మళ్ళ అడగొద్దా?"

"అడగొద్దు. వాళ్ళల్ల ఒకసారి వద్దంటె వద్దే. మళ్ళ అడిగితె నీ మాట మీద నాకు నమ్మకం లేదన్నట్టు."

"సిగ్గువడి వద్దంటరు గదనే."

"వాళ్ళకు గా సిగ్గు లేదమ్మా. మనసుల ఏమున్నదో నోట్లె గదే ఉంటది."

"గసొంటోళ్ళు గూడ ఉంటరా?" అని అమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

అడగనిదే అమ్మైనా పెట్టదని ఎవరన్నారో కానీ, ఆయన మా అమ్మను చూడలేదు. మా అమ్మ అడక్కపోయినా పెడుతుంది, వద్దన్నా పెడుతుంది, పారిపోతే వెంటపడి పెడుతుంది. అలాంటి మనిషికి ఒక్క పూటలో శిక్షణ ఇవ్వాలి. నేనే అతిథినై బల్ల దగ్గర కూర్చున్నాను. అమ్మ పప్పు గిన్నెతో వచ్చింది.

"జర ఏసుకో బిడ్డా."

"వద్దు."

"ఒక్క గంటెడు."

"అమ్మా."

"సగం గంటె."

"పాయె. ఫ్రాన్స్ పాయె. వైభవ్ విమానం ఎక్కిండు."

అమ్మ గిన్నె గుండెకు హత్తుకుని నిలబడింది. నాలుగైదుసార్లు అట్లా విమానం ఎక్కించాక, కూతురు బాగు కోసం దారికొచ్చింది. ఇక బాపు.

"నేనేం అడగొద్దో సెప్పు."

"జీతం అడగొద్దు. వయసు అడగొద్దు. పెండ్లి, పిల్లల ముచ్చట అస్సలే అడగొద్దు."

"మరి ఇంకేం అడిగి సావాలె?"

"వాతావరణం మాట్లాడు. వాళ్ళకు ఇష్టం."

"ఎండాకాలంల వాతావరణం ఏముంటదే? ఎండ కొడ్తున్నదని అంట. అయిపాయె."

మర్నాడు మధ్యాహ్నం క్లేర్ వచ్చింది. అమ్మ తెల్లారకముందే లేచి సర్వపిండి కాల్చింది, జొన్నరొట్టెలు చేసింది, పుంటికూర పప్పు, కోడికూర, బగారన్నం, చివరికి పోలెలు, అవే బొబ్బట్లు, చేసి నెయ్యి కాచి పెట్టింది. బల్ల మీద తెల్లటి దుప్పటి పరిచి, పళ్ళెంలో ఉల్లిపాయ ముక్కలు, నిమ్మబద్ద మాత్రం అందంగా సర్దాను. తక్కినవి వరుసన రావాలి కదా.

మొదట సర్వపిండి వచ్చింది. వడ్డించమంటారా అని శుద్ధమైన ఫ్రెంచిలో అడిగాను. క్లేర్ నవ్వి, పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు, థాంక్స్" అంది. అమ్మ నా వంక చూసింది. నేను కళ్ళతోనే వంటిల్లు చూపించాను. సర్వపిండి వెళ్ళిపోయింది. క్లేర్ నవ్వు కొంచెం అక్కడే ఆగినట్టనిపించింది కానీ, నేను పట్టించుకోలేదు.

జొన్నరొట్టె, పుంటికూర వచ్చాయి. మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టింది, మళ్ళీ వద్దంది. అవీ వెళ్ళిపోయాయి. ఈసారి ఆమె మెడ తిప్పి వంటింటి గుమ్మం దాకా రొట్టెను సాగనంపింది. ఫ్రెంచివాళ్ళు కొత్త వంటను అలా గౌరవంగా చూస్తారు కాబోలనుకున్నాను. బాపు తన రొట్టె తుంచి నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు.

"ఆమె ముట్టకుంటె నాకు బుక్క దిగుతలేదే."

"నవ్వుకుంట తిను బాపూ. వాతావరణం మాట్లాడు."

"మేడం," అన్నాడు బాపు ఇంగ్లీషులో, "హియర్ వెరీ హాట్."

"యెస్," అంది క్లేర్ నీరసంగా.

కోడికూర వచ్చింది. ఆ వాసనకు పక్క క్వార్టర్సులో కుక్క కూడా లేచి నిలబడింది. క్లేర్ చెయ్యి అడ్డం పెట్టింది కానీ, వేళ్ళ మధ్య ఇంతింత సందులున్నాయి. వద్దంటూనే అమ్మ కళ్ళలోకి చూసింది. అమ్మ నా కళ్ళలోకి చూసింది. గరిటె పళ్ళెం వైపు వంగింది. నేను గట్టిగా దగ్గాను. అమ్మ మింగలేక కక్కలేక కోడికూరను వెనక్కి తీసుకుపోయింది. పోలెలు వచ్చేసరికి క్లేర్ "వద్దు" అనే మాటను ప్రశ్నలాగా, సాగదీసి, చాలా నెమ్మదిగా అంది. ఇంత మృదువుగా వద్దనడం ఫ్రెంచివాళ్ళకే చెల్లు అని నేను మురిసిపోయాను. చివరికి పళ్ళెంలో ఉల్లిపాయ ముక్కలన్నీ ఒక్కొక్కటిగా తినేసి, నిమ్మబద్ద కూడా చప్పరించి, గెస్ట్‌హౌస్‌కు నడిచి వెళతానని లేచింది.

ఆమె గేటు దాటగానే నేను బల్ల మీద చరిచాను. "అయిపోయింది. సీటు మనదే. ఒక్కసారన్న బలవంతం జేయలే, ఒక్క పిచ్చి ప్రశ్న అడగలే."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడే ఉంది. "ఒక్క మెతుకు ముట్టలే ఆమె. ఉల్లిగడ్డ తిని పోయింది. మా ఇంట్ల ఉల్లిగడ్డ పెట్టి పంపినమని చెప్పుకోవాల్నా నేను?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీ ఫ్రాన్స్ నువ్వు సూస్కో, నేను ఓర్సుకోను" అంటూ డబ్బాలో పోలెలు సర్దుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. కొంప మునిగిందనుకుని నేను ఆపడానికి వెనకాలే పరుగెత్తాను.

ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. క్వార్టర్సు మలుపులో వడాపావ్ బండి ఉంది. అక్కడ క్లేర్ రెండు చేతుల్లో రెండు వడాపావ్‌లు పట్టుకుని, ఏది ముందు కొరకాలో తెలియక రెండూ కొరుకుతోంది. చుట్టూ కూరగాయలు కొనడానికి వచ్చిన మా క్వార్టర్సు ఆడవాళ్ళంతా నిలబడి చూస్తున్నారు. బండివాడు అమ్మను చూసి, ఈ మేడం మీ ఇంట్లోనే కదా భోంచేసొచ్చిందని అందరూ వినేట్టు అడిగాడు.

"భాభీ, యే మేడం ఆప్‌కేచ్ ఘర్ సే ఖానా ఖాకే ఆయీ నా?"

అమ్మకు భూమి చీలి అందులోకి దిగిపోవాలనిపించి ఉంటుంది. నాకు మాత్రం నన్నొక్కదాన్నే దింపుతుందేమోనని భయం వేసింది.

క్లేర్ నన్ను చూసి, నోట్లో ఉన్నది మింగి, బడిలో దొరికిపోయిన పిల్లలా చెప్పుకొచ్చింది. "ఉమ్రిలో నా పొట్ట పగిలిపోయింది. అందుకని నిన్న మీ మేడం నాకు మీ పద్ధతి నేర్పింది. ఇక్కడ ఏది పెట్టినా ముందు వద్దనాలట. వెంటనే సరేనంటే తిండిపోతులనుకుంటారట. వద్దన్నా ఎలాగూ పెడతారు, చెయ్యి అడ్డం పెడితే కొంచెం తక్కువ పెడతారు అంది. నేను అలాగే చేశాను. కానీ మీ ఇంట్లో గిన్నె వెళ్ళిపోయింది. అన్ని గిన్నెలూ వెళ్ళిపోయాయి."

"ఏమంటున్నదే?" అంది అమ్మ.

ఇన్నాళ్ళూ చదివిన ఫ్రెంచి అంతా తెలుగులోకి మారిస్తే ఒక్క ముక్కే మిగిలింది. "ఆకలైతున్నదట."

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నీ సదువు సల్లగుండ," అని, క్లేర్ చేతిలోని వడాపావ్ లాక్కుని నా చేతిలో పెట్టి, ఆమె మణికట్టు పట్టుకుని ఇంటికి నడిపించింది.

తర్వాత జరిగింది వడ్డన కాదు, దాడి. అన్ని గిన్నెలూ ఒక్కసారే బల్ల మీదికి వచ్చాయి. క్లేర్ వద్దంటే అమ్మ కోడికూర వేసింది, చాలంటే అన్నం వేసింది, నిజంగానే చాలంటే నెయ్యి పోసింది. పక్కనే బాపు కుర్చీ దగ్గరికి లాక్కుని పొద్దుటి నుంచి బిగపట్టిన ప్రశ్నలన్నీ వదిలాడు. జీతమెంత, సొంత ఇల్లేనా, పిల్లలెందరు, పెండ్లయిందా. నేను తలవంచుకుని తర్జుమా చేశాను. ఆమె హాయిగా అన్నింటికీ జవాబిచ్చింది. రెండు పెళ్ళిళ్ళు చేసుకుని రెండూ వదులుకుందని తెలియగానే అమ్మ మనసు కరిగిపోయి, ఒక్కో మొగుడి లెక్కన ఒక్కో పోలె వేసింది. వాళ్ళిద్దరికీ, ఆమెకూ ఒకరి భాష ఒకరికి రాదు. నాకు నాలుగు భాషలు వచ్చు. ఆ గదిలో ఏమీ అర్థంకాని మనిషిని నేనొక్కదాన్నే.

మర్నాడు డిపార్ట్‌మెంటులో నన్నూ వైభవ్‌నూ కూర్చోబెట్టారు. క్లేర్ నా వైపే తిరిగి మొదలుపెట్టింది.

"స్వప్న మా జీవితాన్ని ఎంత బాగా నేర్చుకుందంటే, నిన్న మా అమ్మ ఇంట్లో ఉన్నట్టే అనిపించింది. మా అమ్మ కూడా రెండోసారి అడగదు."

నా గుండె ఉప్పొంగింది. దుపట్టా సర్దుకున్నాను. పాపం వైభవ్‌ను ఎలా ఓదార్చాలా అని కూడా ఆలోచించాను.

"అందుకని వైభవ్‌ను తీసుకెళుతున్నాను," అంది క్లేర్.

"మరి నేను?" అన్నాను.

"నువ్వు ఇప్పటికే ఫ్రాన్సులో ఉంటున్నావు." ఆమె మేడం వైపు తిరిగింది. "ఈ అమ్మాయిని ఒక ఏడాది నాందేడ్ పంపించండి."

మేడం పొట్ట పట్టుకుని నవ్వింది. వైభవ్ నవ్వకుండా ఉండటానికి కిటికీలోంచి చెట్లు చూశాడు. నేను సిటీ బస్సులో ఇంటిదాకా ఏడ్చాను. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను కానీ, ఆ ఏడుపు నిజం ఏడుపే.

క్లేర్ వేసిన శిక్ష అక్షరాలా అమలు చేశాను. ఏడాది కాదు, ఇప్పటికీ నాందేడ్‌లోనే ఉన్నాను. అదే యూనివర్సిటీలో ఫ్రెంచి చెబుతున్నాను, గొప్పగానే చెబుతున్నాను, కావాలంటే మా పిల్లల్ని అడగండి. అయితే ఒక్క విషయంలో మాత్రం మా అమ్మ గరిటె మీద, కోడికూర సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకపై నా ఇంటికొచ్చిన మనిషి మరాఠీలో అననీ, ఫ్రెంచిలో అననీ, అచ్చ తెలుగులో అననీ, "వద్దు" అనే మాట మాత్రం ఈ జన్మలో నాకు ఏ భాషలోనూ అర్థం కాదు.