ఓబులమ్మ పేరు మీద రక్తం

ఓబులమ్మ ఎవరినీ నమ్మేది కాదు. కూరగాయల బండి దగ్గర తక్కెడ కింద చెయ్యి పెట్టి తడిమి చూసేది. మందుల షాపతను ఇచ్చిన మాత్రను సగం కొరికి, చేదుగా ఉంటేనే మందని ఒప్పుకునేది.

కదిరి పక్క పల్లె నుంచి రాష్ట్ర సరిహద్దు దాటి వచ్చి బొమ్మనహళ్ళి బట్టల ఫ్యాక్టరీలో కాలర్ల దారాలు కత్తిరిస్తూ పదేళ్ళు దాటినా, ఆమెకంటూ ఒక డాక్టరు లేడు. పర్మనెంటు టైలర్లకు ఆస్పత్రి కార్డుండేది. కాంట్రాక్టు కింద ఉన్న ఆడవాళ్ళకు ఉండేది కాదు. వాళ్ళకు మందుల షాపే ఆస్పత్రి.

రెండు వేల నాలుగు ఎండాకాలంలో సూపర్‌వైజరు వెంకటగిరియప్ప ఒక కబురు తెచ్చాడు. కాంట్రాక్టు వాళ్ళకూ కంపెనీ ఇన్సూరెన్సు కట్టి కార్డులిప్పిస్తుందట. ముందు క్యాంటీన్లో అందరి రక్తం తీసి చూస్తారట.

"ముందే జబ్బుండే వాళ్ళకో?" అనడిగింది ఓబులమ్మ.

"వాళ్ళకి కార్డు రాదు. ఏనమ్మా, ఊరికే ఇస్తామన్నా నీకు కష్టమేనా?"

"ఊరికే వచ్చేది వానొకటేనప్పా. అదీ మా సీమకి రాదు."

అందరూ నవ్వారు. ఓబులమ్మ నవ్వలేదు. కొన్నాళ్ళుగా ఆమె పాదాలు తిమ్మిరెక్కుతున్నాయి. కాలి వేలి మీద పుండు మానడం లేదు. జబ్బు మనుషుల్ని ఏరి పంపేయడానికే ఈ ఎత్తని ఆమెకు గట్టిగా తోచింది. పని పోతే వఠారంలో గదీ పోతుంది.

పక్క గదిలో రాధిక ఉండేది. ఓబులమ్మ ఊరి వైపు పిల్లే. భర్త తాపీ పనికి పోతే, తను ఇంట్లో కూర్చుని చొక్కాలకు గుండీలు కుట్టేది. రెండుసార్లు కడుపు నిలవలేదు గానీ మనిషి పుష్టిగా ఉండేది.

"నువ్వు గుండ్రాయి మాదిరి ఉండావు. నా బదులు రక్తం నువ్విచ్చిరాపో" అంది ఓబులమ్మ.

"పట్టుకుంటే ఎట్ల అత్తా?"

"సూది గుచ్చేటోళ్ళు మొగం చూస్తారా? చెయ్యి చూస్తారు. ఓబులమ్మా అంటే పలుకు, అంతే."

రాధిక చెంబెడు నీళ్ళు గటగటా తాగి, ఓబులమ్మ పని కోటు తొడుక్కుంది. "బావికే పుట్టినట్టుండావే, ఎన్ని తాగుతావు!" అని ఓబులమ్మ ఎగతాళి చేసింది. అన్నం వేళ రద్దీలో రాధిక లోపలికి వెళ్ళింది, రక్తమిచ్చింది, వచ్చేసింది.

తర్వాతి వారం, రక్తాలు తీయించిన డాక్టరు వరూధిని ఓబులమ్మను క్యాంటీన్లోకి పిలిపించింది.

"నీకు షుగరు బాగా ఎక్కువగా ఉందమ్మా."

ఓబులమ్మకు నవ్వొచ్చినంత పనయింది. తను అనుకున్నదే నిజం! ఎవరి రక్తమిచ్చినా వీళ్ళు చెప్పేది ఇదే.

"కార్డు రాకపోవచ్చు. పనికేమీ భయం లేదులే. దాహం ఎక్కువేస్తుందా?"

"ల్యా" అని తల అడ్డంగా ఊపింది.

"ఎప్పుడైనా కడుపు పోయిందా? ఇంత షుగరుంటే నిలవడం కష్టం."

ఓబులమ్మకు రాధిక తాగే చెంబెడు నీళ్ళు కళ్ళ ముందు మెదిలాయి. రెండుసార్లూ దిష్టేనని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది తనే. డాక్టరమ్మ మొహంలో అబద్ధం కోసం వెతికింది. దొరకలేదు. గుమ్మంలో వెంకటగిరియప్ప నిలబడి ఉన్నాడు. నోరు మూసుకుంటే పని నిలుస్తుంది.

"ఆ రక్తం నాది కాదు" అంది.

వెంకటగిరియప్ప కేకలకు క్యాంటీనంతా అటు తిరిగింది. రేపటి నుంచి గేటు దగ్గరికి కూడా రావద్దన్నాడు. డాక్టరమ్మ మాత్రం, "ఎవరిదో ఆ అమ్మాయిని తీసుకురా. రోడ్డవతల ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పొద్దున పూట నేనే ఉంటాను. కార్డు అక్కర్లేదు" అంది.

"ఊరికేనా?"

"ఊరికే."

"యాలకి?"

ఎందుకు ఊరికే చూస్తారని అడిగినందుకు, డాక్టరమ్మ ఒక చీటీ మీద కేంద్రం వేళలు రాసి ఆమె చేతిలో పెట్టింది.

ఆ కేంద్రం ముందు నుంచే ఓబులమ్మ ఇన్నేళ్ళూ పనికి నడిచింది. లోపలికి పోతే పిల్లలు పుట్టకుండా కోసి పంపుతారని ఎప్పుడో ఎవరో చెప్పారు. జీవితంలో ఆమె అడక్కుండా నమ్మింది ఆ ఒక్క మాటే.

మర్నాడు రాధికను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. రక్తం సీసా ఎటు పోతుందో చూడ్డానికి నర్సు వెంటే నడిచింది. రాధికకిచ్చిన మాత్రను సగం కొరకబోతే డాక్టరమ్మ లాక్కుంది.

"ఎలాగూ వచ్చావు, నీదీ చూద్దాం" అంది వరూధిని.

ఓబులమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది. "నాది నా కాడనే ఉండనీ తల్లీ."

మూడోసారి రాధికకు కడుపు నిలిచింది, ఆడపిల్ల పుట్టింది. ఓబులమ్మ ఎలక్ట్రానిక్ సిటీ అపార్టుమెంట్లలో గిన్నెలు తోమింది. పుండుకు పసుపు పెట్టింది, ఆకుపసరు కట్టింది. డాక్టరు దగ్గరికి మాత్రం రానంది. నాలుగేళ్ళకు ఆ కాలు నల్లబడి, ఆమెకు ఒళ్ళు తెలియకుండా పోయినప్పుడు, రాధికే ఆటోలో వేసుకుని పెద్దాస్పత్రికి తీసుకెళ్ళింది. అక్కడ మొదటిసారి ఓబులమ్మ రక్తాన్ని ఓబులమ్మ పేరు మీదే తీశారు. షుగరు ఎప్పటి నుంచో ఉందని, చాలా ఆలస్యమైందని అన్నారు.

కాస్త తెలివొచ్చినప్పుడు ఆమె రాధికను దగ్గరికి లాగింది.

"రక్తం ఎవరిదిచ్చినావు?"

"నీదే అత్తా."

"అబద్దాలు. మళ్ళా నీదే ఇచ్చుంటావు. దొంగదానివి నువ్వు" అంది. పట్టుకున్న చెయ్యి మాత్రం చివరిదాకా వదల్లేదు.