మైలుతుత్తం తాగిన జామచెట్టు

ఆదివారం. మధ్యాహ్నానికి అయిన పనులు: బియ్యం చెరిగి డబ్బాకెత్తాను, దిండు గలీబులు ఉతికాను, మిరపకాయలు ఎండకు వేశాను, మిద్దె మీది దానిమ్మకు కుండీ మార్చాను. ఆ పాత మట్టిలో తెల్లటి సన్న దారాలు కనబడ్డాయి... "బూజు పట్టింది, పారబొయ్యి" అన్నాడు మా ఆయన. నాకు చేతులు రాలేదు.

మా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్ పెరట్లో ఒక్కటే జామచెట్టు. నాన్నను బాపు అనీ, ఆయన తల్లిని బాపమ్మ అనీ అనేవాళ్లం. దగ్గర్లోని మా పాత ఊరు, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలోకి పోతుందని తెలియగానే, ఆమె తన తోటలోంచి పిలక తెచ్చి నాటింది. లోపల గులాబీ రంగు... ఒక్క పండు కోస్తే ఇల్లంతా వాసన.

బాపు బొగ్గుబాయిలో దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. పైకప్పు కూలకుండా ఆపేవి ఆ దుంగలే. దుంగ మీద తెల్ల బూజు కనబడితే దాన్ని నమ్మకూడదు, వెంటనే మార్చాలి. ఆ జాగ్రత్త వల్లే ప్రాణాలతో ఉన్నాననేవాడు.

నాకు పదేళ్లప్పుడు, ఒక వానాకాలం, మొదటి షిఫ్టు నుంచి వచ్చి చెట్టు పాదు తవ్వాడు. ఎండుటాకుల కింద, వేర్ల చుట్టూ తెల్లటి దారాలు... బాపు ముఖం మారిపోయింది.

జానెడు లోతు మట్టి గీకి బయట పారబోశాడు. బూజును చంపే మైలుతుత్తం బకెట్ నీళ్లలో కలిపి వేర్ల మీద పోశాడు. పైన పొయ్యి బూడిద కప్పాడు. బాపమ్మ బజారు నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది.

"ఏం జేసినవ్ రా కొడుకా! గది బూజు గాదు. చెట్టు నోట్ల ముద్ద పెట్టేటివి గవే!"

"బాయిల ఎన్ని దుంగలు జూసిన్నో... నాకే చెప్తవా అవ్వా? పుచ్చితే ఇంటి మీద పడ్తది."

"నీ దుంగ సచ్చిన కట్టె రా. ఇది పానమున్న చెట్టు."

ఆ చలికాలం కాయలు గోలీకాయలంతే... గట్టిగా, చప్పగా. సగం పిందెల్లోనే రాలాయి. ఆకులు పసుపుబారాయి. బాపు గొడ్డలి నూరి పెట్టాడు.

"వచ్చే కాపు గూడ గిట్లనే ఉంటే కొట్టేస్త."

ఆ తోటలోంచి బాపమ్మ వెంట తెచ్చుకోగలిగింది ఈ ఒక్క చెట్టే. మర్నాడు గంప పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పాత ఊరికి నడిచింది.

ఇండ్లు లేవు. తోట చివర నాలుగు జామచెట్లు మాత్రం నిలబడి ఉన్నాయి... వాటి వెనకే గని అంచు. ఎర్రజెండా పట్టుకున్న కావలి మనిషి అడ్డం వచ్చాడు.

"ఎటు పోతున్నవ్ అవ్వా? బ్లాస్టింగ్ టైమయితున్నది."

"ఒక్క గంప మన్ను బిడ్డా. జల్ది వస్త."

"మన్నా! లారీలకు లారీలు పారబోస్తున్నం. గా గుట్ట మీదికెళ్లి తోడుకపో."

"అది పాతాళం మన్ను. దాంట్ల పానం లేదు. నా చెట్ల కింది మన్ను గావాలె."

ఆయన గడియారం చూసుకున్నాడు. "పావుగంట. పోరి ఈడనే ఉండాలె."

నేను జెండా పక్కన నిలబడ్డాను. దూరంగా బాపమ్మ కూర్చుని ఆకులు చేత్తో పక్కకు తీసి, నల్లమట్టిని వేరుముక్కలతో సహా గంపలోకి ఎత్తుతోంది. పార వాడలేదు... దారాలు తెగుతాయని.

సైరన్ మోగింది. ఆమె లేవలేదు.

"బాపమ్మా!" అని అరిచాను. కావలి మనిషి విజిల్ ఊదుతూ ఉరికాడు. గంప తన నెత్తికెత్తుకుని, ఆమె రెక్క పట్టి లాక్కొచ్చాడు. "నా నౌకరి తీస్తవా ముసల్దానా!" అని తిడుతూనే ఉన్నాడు. రోడ్డు దాటి గుట్ట చాటుకు చేరామో లేదో, కాళ్ల కింద నేల అదిరింది... దుమ్ములో మాకు మేమే కనబడలేదు.

ఇంటికి వచ్చేదాకా గంప మీది తడిగుడ్డ ఆరనివ్వలేదు. బాపు డ్యూటీలో ఉండగా మైలుతుత్తం మట్టినీ బూడిదనూ తీసేసి, వేర్ల దగ్గర ఈ మట్టి సర్దింది. పైన పశువుల ఎరువు, ఎండుటాకులు. బాపు వచ్చి పాదు చూసి లోపలికి పోయాడు. నూరిన గొడ్డలి మాత్రం గోడకే ఆనించి ఉంది.

ఏడాది తిరిగింది. మొదటి పండు బాపమ్మే కోసి బాపు చేతిలో పెట్టింది. బాపు కొరికాడు. ఆయన నములుతూ చెట్టు వంకే చూస్తున్నాడు... మిగతా సగం బాపమ్మ నోటికి అందించాడు.

"తిను అవ్వా... మన తోటల పండే."

బాపమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

వ్యవసాయం చదువుతున్న మా పాప ఈమధ్యే చెప్పింది... ఆ శిలీంధ్రపు దారాల్లో కొన్ని ఎండుటాకుల్ని ఎరువు చేస్తాయట. కంటికి కనబడని మరికొన్ని వేర్లను అంటుకుని నీళ్లూ భాస్వరమూ అందిస్తాయట. పండు సైజులో, రుచిలో వాటి పాత్రా ఉంటుందట. బాపమ్మ ఏ బడికీ పోలేదు.

ఇప్పుడు ఆ తోట లేదు, ఆ నేలే లేదు. ప్రాణమున్న మట్టి కావాలంటే దుకాణంలో ప్యాకెట్ అడగాల్సిన రోజులొచ్చాయి... మీ ఇంట్లో ఏ చెట్టునైనా ఇలా గుప్పెడు మట్టి తెచ్చి బతికించుకున్నారా? ఎవరి చెట్టు కిందిదో, ఎవరు మోసుకొచ్చారో రాయండి... చదువుకుంటాను.