నాన్న వడగట్టిన సముద్రం

నయా రాయపూర్‌కి వెడల్పాటి రోడ్లు వేస్తున్న రోజుల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నేను సముద్రాన్ని ఎంచుకున్నాను. మా గైడు మేడం తల పట్టుకున్నారు. పక్కనే తెలీబంధా చెరువుండగా విశాఖ నీళ్లెందుకని ఆవిడ గోల. నేను వింటేనా! నీళ్లలో కొట్టుకుపోయే కంటికానని జీవాలు, అవే ప్లవకాలు, కాలాన్ని బట్టి ఎలా మారతాయో చూపిస్తానని పంతం పట్టాను.

నా ధైర్యమంతా నాన్నే. రైల్లో ఏసీ మెకానిక్కు, నెలకోసారైనా విశాఖ డ్యూటీ పడేది. క్యాను నింపి తెమ్మంటే, యూనిఫాం ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి అలల్లోకి దిగేవాడు.

ఎండలు పోయాయి, వానలొచ్చాయి, చలి పడింది. ప్రతి క్యానూ మైక్రోస్కోపు కింద పెట్టడం, ఏమీ కనపడక కళ్లు నలుపుకోవడం. గడువులోగా ప్రాజెక్టు ఇవ్వకపోతే ఏడాది పోతుంది. సముద్రం ఖాళీగా ఉందని రాసెయ్యమని మేడం చురక వేశారు. ఆ సాయంత్రం వంటింట్లో కూర్చుని, ఆ నీళ్లలో ఏమీ లేదని ఏడ్చేశాను.

తన నీళ్లకి వంక పెడుతున్నానని నాన్న నొచ్చుకున్నాడు.

"నీళ్లల్లో ఏటి లోపమమ్మా? తువ్వాలు నాలుగు మడతలేసి వడగట్టి మరీ తెచ్చినాను. చెత్తా కచరా ఒక్క నలుసు రానిచ్చినానా?"

నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఆ కచరా కోసమే నాన్నా ఈ తంటా అంతా అనబోయి, అదెలా ఉండేదని మాత్రం అడిగాను.

ఇన్నాళ్లకి తన కష్టం అడిగారని ఆయన మొహం వెలిగింది. ఎండల్లో రంపపు పొట్టులా తేలేదట, తువ్వాలు పచ్చబడేది. వానల్లో అంతా బురదేనట. చలికాలంలో నలకలు బట్ట మీద గెంతితే దులిపి మరీ పారేశాడట. నేను పుస్తకాల్లో చదివిన మూడు కాలాలూ వరసగా చెప్పేశాడు. ఆ మరకలకి సబ్బులన్నీ అరిగిపోయాయని అమ్మ సాక్ష్యం పలికింది.

ఏడాది పోనే పోయింది. కడుపు మండింది గానీ ఎవరి మీద మండను? మళ్లీ మొదలుపెట్టి, వడగట్టనని నాన్నతో ఒట్టు వేయించుకున్నాను.

తర్వాతి ట్రిప్పు నుంచి రెండు క్యాన్లతో దిగాడు. ఒకదాంట్లో పచ్చటి పొట్టు తేలుతోంది, రెండోది తేటగా మెరుస్తోంది.

"కచరాది నీకు," అన్నాడు గొంతు తగ్గించి. "మీ మేడం అడిగితే మాత్రం ఈ రెండోదే చూపించు. మన పరువు పోతాది."